కాగితానికి తెలియాలిగా!

వెంకటసుబ్రహ్మణ్యం గారి చేతికి రాసిన కాగితం ఇవ్వకూడదు. గుడివాడలో ఆయన్ని ఎరిగినవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. ఇచ్చారంటే అందులో రాసింది రాసినట్టు చేస్తారు. ఒక్క ముక్క వదలరు, సొంత తెలివి ఒక్క చెంచాడు కలపరు. లోకంలో సగం పనులు కాగితంలో లేని తెలివితోనే జరిగిపోతున్నాయి. ఆయన మాత్రం కాగితం అందుకోగానే ఆ తెలివిని మడిచి చొక్కా జేబులో పెట్టేసుకుంటారు. ఆ జేబులోనే ఒక పాత నీలం బాల్ పెన్ను ఉంటుంది. దాని మెడకు బెత్తెడు దారం వేలాడుతుంటుంది. ఆ దారం ఎందుకో ఇంట్లోవాళ్ళకు కూడా తెలియదు. ఆ పెన్ను ఎవరడిగినా ఆయన ఇవ్వరు.

ఆయన మేనకోడలు శ్రీలలితది బందరు. గుడివాడలో ఒక కాలేజీలో పాఠాలు చెప్పడానికి వచ్చి మావయ్య ఇంట్లో దిగింది. దిగిన మొదటి వారంలోనే మావయ్య సంగతి ఆమెకు అనుభవంలోకి వచ్చింది. ఆ రోజు రామలక్ష్మి అత్తయ్య పామర్రులో గృహప్రవేశానికి వెళ్తూ ఫ్రిజ్ మీద చీటీ అంటించింది. 'ఒకటి: కందిపప్పు కడిగి కుక్కర్లో వేసి స్టవ్ మీద పెట్టండి. రెండు: మూడు కూతలు రాగానే దించండి.' మధ్యాహ్నం రెండింటికి అత్తయ్యా, కాలేజీ నుంచి శ్రీలలితా ఒకేసారి ఇల్లు చేరారు. మావయ్య స్టవ్ ఎదురుగా కుర్చీ వేసుకుని, చేతులు కట్టుకుని, కుక్కర్ వంకే చూస్తూ కూర్చుని ఉన్నారు.

"పప్పు అయిందాండీ?"

"ఇంకా కూత రాలేదు."

"ఎప్పుడు పెట్టారు?"

"పదకొండింటికి."

"మూడు గంటలైనా కూత రాకపోవడమేంటండీ!" అంటూ అత్తయ్య వంగి చూసింది. స్టవ్ వెలగలేదు. కుక్కర్లో నీళ్ళు లేవు. మూత పక్కన గట్టు మీద ఉంది. పప్పు మాత్రం శుభ్రంగా కడిగి ఉంది.

"వెలిగించమని రాయలేదు," అన్నారు మావయ్య.

"ఆ మాత్రం మీకు తెలీదా?"

"నాకు తెలుసు రామలక్ష్మీ. కాగితానికి తెలియాలిగా!"

అంతటితో ఊరుకుంటే ఆయన మావయ్య ఎందుకవుతారు? దారం పెన్ను తీసి, చీటీలో ఒకటికీ రెంటికీ మధ్య సన్నటి అక్షరాలతో ఇరికించారు. 'ఒకటింబావు: నీళ్ళు పోయవలెను. ఒకటిన్నర: మూత పెట్టవలెను. ఒకటిముప్పావు: స్టవ్ వెలిగించవలెను.' ఆ మధ్యాహ్నం ముగ్గురూ పెరుగన్నం తిన్నారు.

మరోసారి భుజం నొప్పికి డాక్టరు గారు వ్యాయామాల కాగితం ఇచ్చారు. 'చేయి పైకెత్తి పది వరకు లెక్కపెట్టవలెను.' ఎత్తారు, లెక్కపెట్టారు. దించమని లేదు. ఎత్తిన చేయి ఎత్తినట్టే ఉంచుకుని పాలప్యాకెట్ కోసం బజారుకు బయల్దేరారు. ఆ అరఫర్లాంగు దూరంలో ఆయన కోసం ఏడు ఆటోలు ఆగాయి. ఎనిమిదో ఆటోవాడు, "ఎక్కడికండీ?" అని అడిగితే, "డాక్టరు గారి దగ్గరికే పోనీ. ఇందులో ఒక మెట్టు తక్కువైంది," అని ఎక్కి కూర్చున్నారు. చేయి ఆటోలో పట్టక బయటికి పెట్టుకోవాల్సి వచ్చింది.

మోహన్ టిఫిన్ సెంటర్ కథ ఊరంతటికీ తెలిసిందే. అక్కడ 'టోకెన్ చూపించి టిఫిన్ తీసుకొనవలెను' అని బోర్డు ఉండేది. మావయ్య టోకెన్ చూపించి, మళ్ళీ జేబులో పెట్టుకున్నారు.

"టోకెన్ ఇలా ఇవ్వండి సార్," అన్నాడు మోహన్.

"చూపించమన్నావు, చూపించాను."

"చూపించి ఇవ్వాలి సార్!"

"అది బోర్డుకు తెలియదే."

మర్నాటికి బోర్డులో 'ఇచ్చి' అనే మాట చేరింది. మావయ్య ఇడ్లీ టోకెన్ ఇచ్చి, ఎదురుగా కనబడిన ఎవరిదో పూరీ తీసుకున్నారు. ఏ టిఫిన్ తీసుకోవాలో బోర్డులో లేదు మరి. ఆ వారం తిరిగేసరికి మోహన్ బోర్డు అయిదు వరసలైంది. మోహన్ దండం పెట్టినంత పని చేశాడు. కానీ ఆ తర్వాత అతని కౌంటర్ దగ్గర ఒక్క తగాదా లేదన్న మాట అతనే ఒప్పుకుంటాడు.

ఇలాంటి మావయ్య ఇంట్లో ఉంటూ శ్రీలలిత ఒకరోజు కాలేజీ ఉద్యోగం మానేసింది. ఇన్‌స్ట్రక్షనల్ డిజైనర్ అవుతానంది. బందరులో ఉన్న నాన్న ఈశ్వరప్రసాద్ గారికి ఆ మాట నోరు తిరగలేదు, తలకూ ఎక్కలేదు. "దసరా దాకా చూస్తాను. ఉద్యోగం రాకపోతే నోరు మూసుకుని మళ్ళీ కాలేజీలో చేరు," అన్నారు. పక్కింటావిడ 'డిజైన్' అన్న ముక్క పట్టుకుని జాకెట్టు గుడ్డ తెచ్చింది. అమ్మ ఫోన్లో, "ఎవరైనా అడిగితే కంప్యూటర్ ఉద్యోగమని చెప్తున్నానే," అంది.

మావయ్య ఒక్కరే కూర్చోబెట్టి అడిగారు. "ఇంతకీ ఏం చేస్తావమ్మా అందులో?"

"ఒక పని తెలియనివాళ్ళకి, ఎవరూ పక్కన లేకపోయినా నేర్చుకునేట్టు పాఠం కట్టాలి మావయ్యా. ముందు ఏది చెప్పాలి, తర్వాత ఏది చెప్పాలి, ఎక్కడ తడబడతారు, అన్నీ చూసుకోవాలి."

"అంటే మెట్లు కట్టడం."

"అవును!"

"దానికి జీతం కూడా ఇస్తారా?"

"ఇస్తారు మావయ్యా."

మావయ్య జేబులోని దారం పెన్ను తడుముకున్నారు. "ముప్పై మూడేళ్ళు ఊరికే చేశానే," అన్నారు.

ఆయన బందరులో గవర్నమెంటు ఆఫీసులో కౌంటర్ గుమాస్తాగా చేరి సూపరింటెండెంటుగా రిటైరయ్యారు. ఆ కౌంటర్ దగ్గర ఏం మెట్లు కట్టారో శ్రీలలిత అప్పుడు అడగలేదు. అడిగే తీరిక కూడా లేదు. భాద్రపదం సగానికి వచ్చింది, దసరా ముంచుకొస్తోంది. పంపిన దరఖాస్తులన్నిట్లో హైదరాబాదు కంపెనీ ఒకటి మాత్రం పలికింది. ఇద్దరిని వడపోసి, ఇద్దరికీ ఒకే పరీక్ష పెట్టింది. రొయ్యల చెరువుల మీద పనిచేసేవాళ్ళు నీళ్ళలో అమ్మోనియా ఎంతుందో వాళ్ళంతట వాళ్ళే చూసుకునేట్టు ఫోన్‌లో ఎనిమిది నిమిషాల పాఠం తయారుచేయాలి. దాన్ని నిజంగా చెరువు మీద పనిచేసే మనిషి చేత చేయించి, ఎక్కడా కోత పెట్టకుండా వీడియో తీసి పంపాలి. రెండు వారాల గడువు.

పాఠం తయారైంది. పరీక్షించడానికి ఇంట్లోనే మావయ్య ఉండగా వేరే మనిషెందుకు? బాత్రూమ్ బకెట్ ముందు స్టూలు వేసి, ఫోన్ చేతికిచ్చింది. మావయ్య తెలివి మడిచి జేబులో పెట్టుకున్నారు. గాజు గొట్టంలో నీళ్ళు తీసుకోమంటే, ఎక్కడిదాకా అన్నారు. సీసాలోంచి మందు చుక్కలు వేయమంటే, సీసా బిరడా తీయకుండానే బోర్లించి పట్టుకున్నారు. అయిదు నిమిషాలు ఆగమంటే గొట్టం పట్టుకుని బొమ్మలా నిలబడిపోయారు. అత్తయ్య వచ్చి పక్కకు జరగమన్నా జరగలేదు. సాయంత్రానికి పద్నాలుగు తప్పులు తేలాయి. శ్రీలలిత పళ్ళు నూరుకుంటూనే పదమూడు దిద్దింది.

పద్నాలుగోది దగ్గర పేచీ వచ్చింది. పాఠంలో 'గొట్టాన్ని బాగా కుదపండి' అని ఉంది. మావయ్య కుదిపారు. మందు నీళ్ళు గోడ మీద, అద్దం మీద, ఆయన కళ్ళజోడు మీద పడ్డాయి.

"మూత పెట్టమని రాయలేదమ్మా."

"మావయ్యా, కుదపమంటే ఎవరైనా మూత పెట్టే కుదుపుతారు. ఇంకో మెట్టు పెడితే ఎనిమిది నిమిషాలు దాటిపోద్ది. నా పాఠం చూసేవాళ్ళు మరీ అంత తెలివితక్కువ వాళ్ళేం కాదు!"

మావయ్య కళ్ళజోడు తుడుచుకుని, పెన్ను జేబులో పెట్టుకున్నారు. "తెలివితక్కువ వాళ్ళని నేనెప్పుడన్నానమ్మా?" అని మాత్రం అన్నారు. శ్రీలలితకు మనసులో ముల్లు గుచ్చుకున్నట్టయింది కానీ, కంపెనీ భయం ముందు అది నిలవలేదు.

చెరువు దొరికింది దివిసీమలో, నాగాయలంక దగ్గర. మావయ్య ఆఫీసులో అటెండరుగా చేసిన శామ్యూల్ రాజ్ అక్కడ అల్లుడి రొయ్యల చెరువులు చూసుకుంటున్నాడు. "సార్ కూడా వస్తేనే చెరువు ఇస్తా," అన్నాడు ఫోన్లో. శ్రీలలిత గుండెలో రాయి పడింది. కోత లేని వీడియో, పక్కన మావయ్య. అమ్మోనియా సంగతి దేవుడెరుగు, ఉద్యోగం మునిగిపోతుంది.

"మావయ్యా, మీరు అక్కడ నోరు మెదపకూడదు."

"రాసివ్వు, మెదపను."

ఆమె కాగితం తీసుకుని 'చెరువు దగ్గర మాట్లాడకూడదు' అని రాసిచ్చింది. ఆయన బుద్ధిగా మడిచి జేబులో పెట్టుకున్నారు. గుడివాడ నుంచి పామర్రు దాకా, పామర్రు నుంచి చల్లపల్లి దాకా, అక్కడి నుంచి అవనిగడ్డ మీదుగా నాగాయలంక దాకా ఒక్క క్షణం ఊపిరి తీసుకోకుండా మాట్లాడుతూనే ఉన్నారు. బస్సుల సంగతి కాగితంలో లేదుగా. చెరువు గట్టు మీద కాలు పెట్టగానే కుళాయి కట్టేసినట్టు ఆగిపోయారు.

పరీక్షకు ఒప్పుకున్న మనిషి ఎల్లమ్మ. నలభై ఏళ్ళుంటాయి. పదేళ్ళుగా చెరువుల్లో మేత చల్లుతోంది. నీళ్ళ రంగు చూసి రొయ్య ఎలా ఉందో చెప్పగలదని శామ్యూల్ రాజ్ అన్నాడు. ఆ రోజు శుక్రవారం కావడంతో తలంటుకుని, ముఖానికీ కాళ్ళకూ పసుపు రాసుకుని వచ్చింది. గట్టు మీద మరో నలుగురు ఆడవాళ్ళు చూడ్డానికి చేరారు. శ్రీలలిత తన రెండో ఫోన్‌ను పాక గుంజకు కట్టి వీడియో మొదలుపెట్టింది.

ఎల్లమ్మ పాఠం వింటూ ఒక్కో పనీ చేసుకుపోతోంది. గొట్టం చెరువు నీళ్ళతో కడిగింది. గీత దాకా నీళ్ళు పట్టింది. చుక్కలు లెక్కపెట్టి వేసింది. శ్రీలలిత మనసులోనే హైదరాబాదు రైలెక్కేసింది. 'గొట్టాన్ని బాగా కుదపండి' అంది ఫోను. ఎల్లమ్మ బొటనవేలు గొట్టం మూతికి అడ్డం పెట్టి, బాగా కుదిపింది.

ఆ బొటనవేలికి పసుపుంది. మందులో పసుపు కలిసింది. అయిదు నిమిషాలయ్యాక గొట్టంలో ఇటుక రంగు తేలింది. రంగుల కార్డులో పసుపుపచ్చ నుంచి ఆకుపచ్చ దాకా ఆరు గళ్ళున్నాయి, ఇటుక రంగు మాత్రం ఎక్కడా లేదు. ఎల్లమ్మ కార్డు పక్కన గొట్టం పెట్టి ఇటు చూసింది, అటు చూసింది. గట్టు మీద ఎవరో కిసుక్కుమన్నారు.

ఎల్లమ్మ ముఖం ఇంతైపోయింది. గొట్టం కింద పెట్టేసి చెంగుకు చేతులు తుడుచుకుంది. "నాకు చదువు రాదమ్మా. ముందే చెప్పాను ఆ శామ్యేలు గారికి. వేరే ఎవర్నన్నా పిలుచుకోండి," అని తల దించుకుని వెనక్కి జరిగింది. గుంజ మీద ఫోన్ అన్నీ చూస్తూనే ఉంది.

ఈలోగా మావయ్య పాకలోకి వెళ్ళి, వెంటనే బయటికి వచ్చారు. రెండో గొట్టం తీసుకుని, నీళ్ళు పట్టి, చుక్కలు వేసి, ఎల్లమ్మ పట్టినట్టే బొటనవేలు అడ్డం పెట్టి కుదిపారు. గొట్టంలో ఎర్రటి నూనె తెట్టు కట్టి, మధ్యలో ఒక ఆవపిండి పలుకు తిరగసాగింది. కార్డు పక్కన పెట్టి, కళ్ళజోడు సర్దుకుని, తీరిగ్గా వెతికారు.

"ఎల్లమ్మా, నాకు ఆవకాయ రంగు వచ్చింది. ఇందులో ఏ గడో నువ్వేమన్నా చెప్పగలవా?"

గట్టు గొల్లుమంది. ఎల్లమ్మ కూడా చెంగు నోటికడ్డం పెట్టుకుంది.

"నేను డిగ్రీ చదివాను. ముప్పై మూడేళ్ళు కాగితాల మీదే బతికాను. చూశావుగా, నాకూ రాలేదు. అంటే తప్పు నీదీ కాదు, నాదీ కాదు. తప్పు కాగితానిది. అందులో ఏదో మెట్టు పోయింది. అదేంటో నాకు అంతుపట్టట్లేదు."

ఎల్లమ్మ రెండు అడుగులు ముందుకొచ్చి గొట్టం అందుకుంది. పరీక్ష సామాన్ల డబ్బాలో ఉన్న చిన్న తెల్లటి బిరడా తీసి పైకి చూపించింది. "ఏలెందుకండీ బాబూ! ఇదిగో, ఈ మూత పెట్టి కుదిపితే సరిపోద్ది. ఆ పిల్ల చెప్పడం మర్చిపోయింది!" అంది. మళ్ళీ మొదటినుంచి చేసింది. లేత ఆకుపచ్చ వచ్చింది. "మూడో గడి. నీళ్ళు మార్చాల. నేను పొద్దున్నే అనుకున్నా, వాసన తేడాగా ఉందని!" అంటూ గొట్టం పైకెత్తి అందరికీ చూపించింది.

శ్రీలలిత బిందె తెచ్చి ఇద్దరి చేతుల మీదా నీళ్ళు పోసింది. అప్పుడే పాకలోకి చూపు పోయింది. అత్తయ్య కట్టిచ్చిన క్యారేజీలో ఆవకాయ గిన్నె మూత తీసి పక్కన పెట్టి ఉంది. అన్నం తిన్నాక మూడుసార్లు చేతులు కడుక్కునే మనిషి మావయ్య. పోయిన మెట్టు ఏదో పది రోజుల క్రితమే ఆయన తనకు చెప్పారు. ఆమెకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మావయ్య చేతులు ఆరబెట్టుకోవడానికి గట్టు చివరికి వెళ్ళారు. శామ్యూల్ రాజ్ నవ్వుతూ దగ్గరికొచ్చాడు.

"సార్ మారలేదమ్మా. కౌంటర్లో కూడా ఇంతే. ఎవరన్నా దరఖాస్తు నింపలేక సిగ్గుపడి నిలబడితే, 'ఈ నాలుగో గడి నాకే అర్థం కాట్లేదయ్యా, ఇద్దరం కలిసి చూద్దాం రా' అనేవారు. కావాలని తప్పు నింపి, చించి, ఇంకోటి తీసేవారు. పెద్దాఫీసర్ల చేత తిట్లు కూడా తిన్నారు. 'నింపి ఇవ్వవలెను' అని ఉంటది కానీ, జనం దగ్గర పెన్నుండొద్దూ? కౌంటరుకి దారంతో పెన్ను కట్టింది ఆయనే. రిటైరైన రోజు నేనే ఆ దారం కోసి, పెన్ను సార్ జేబులో పెట్టాను."

శ్రీలలిత మెల్లగా మావయ్య పక్కకి వెళ్ళి నిలబడింది. "కాగితం మీరారు మావయ్యా," అంది.

"మీరలేదమ్మా. అందులోనూ ఒక మెట్టు పోయింది," అని ఆయన మడత విప్పి చూపించారు. ఆమె రాసిన వరస కింద సన్నటి అక్షరాలతో ఉంది. 'ఒకటిన్నర: ఎవరికైనా చిన్నతనమైనచో మాట్లాడవచ్చును.'

వీడియో మళ్ళీ తీయొచ్చు. ఎల్లమ్మకు ఇప్పుడు అన్నీ వచ్చు, ఎనిమిది నిమిషాల్లో ముగిస్తుంది. శ్రీలలిత ఆ రాత్రంతా ఆలోచించింది. మర్నాడు పాఠంలో మూత మెట్టు చేర్చి, పాత వీడియోనే పసుపుతో, ఆవకాయతో, నవ్వులతో సహా పంపేసింది. కింద ఒక్క ముక్క రాసింది. 'మూత పెట్టమని నేను రాయలేదు. ఆ తప్పు ఎల్లమ్మ గారు కనిపెట్టారు.' పంపాక రెండు రోజులు అన్నం సహించలేదు.

దసరాకు నాలుగు రోజుల ముందు కంపెనీ నుంచి ఐశ్వర్య అనే ఆవిడ ఫోన్ చేసింది. రెండో అభ్యర్థి వీడియోలో ఒక్క తప్పూ లేదట. "అంత శుభ్రంగా ఎవరూ నేర్చుకోరండీ. మీరు మా దగ్గర చేరండి," అంది. ఆగి, "ఆ ఆవకాయ గారు ఎవరండీ? మా ఆఫీసులో అందరూ అడుగుతున్నారు," అంది.

ఉత్తరం మెయిల్లో వచ్చింది. శ్రీలలిత స్టేషన్ దగ్గర జిరాక్సు షాపులో ప్రింటు తీయించి, పరుగున ఇంటికి తెచ్చింది. ఫోన్లో బందరు నుంచి ఈశ్వరప్రసాద్ గారు, "అయితే ఆ ఉద్యోగం పేరేంటో ఇంకోసారి చెప్పమ్మా, రాసుకుంటాను," అంటున్నారు. పక్కింటావిడ జాకెట్టు గుడ్డ సంగతి మళ్ళీ అడుగుతోంది. ఈ సందడిలో మావయ్య కాగితం అందుకుని, ఒక్కో వరసా వేలు పెట్టి చదివారు. అత్తయ్య, "ఏమండీ, ఇందులో మాత్రం ఏమీ ఇరికించకండీ," అంది.

"ఒక మెట్టు తక్కువైందమ్మా," అన్నారు మావయ్య.

"ఏంటి మావయ్యా?"

"సంతకం చేసి పంపమన్నారు. దేనితో చేయాలో రాయలేదు," అంటూ జేబులోంచి పెన్ను తీసి ఆమె చేతిలో పెట్టారు.

శ్రీలలిత దారాన్ని వేలికి చుట్టుకుని, ఉత్తరం మీద సంతకం చేసింది. చేశాక కళ్ళు తుడుచుకుని పెన్ను ఆయన ముందుకు చాపింది.

మావయ్య చేతులు వెనక్కి కట్టుకున్నారు.

"తిరిగివ్వమని రాయలేదు," అన్నారు.